వాన నాలుగు వేళ్ళు

“మధ్యాహ్నాలు నీకు ఖాళీయేగా. ఆ పాత పేపర్లు కాస్త చూసిపెట్టు” అన్నారు హెడ్మాస్టారు భార్యతో, చెయ్యి కడుక్కుని తువ్వాలు కోసం చాపుతూ. తువ్వాలు ఆ చేతిలోకి వచ్చింది. ముప్ఫై రెండేళ్ళుగా అలాగే వస్తోంది. ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయన ఎప్పుడూ తిరిగి చూడలేదు.

ఆ ఖాళీ సంగతి చెప్పాలంటే పెద్ద కథే. పొద్దున్న అయిదింటికి లేచి వాకిలి ఊడవడంతో మొదలవుతుంది. టీలు, వంట, అత్తగారికి వేడినీళ్ళు, ఒళ్ళు తుడవడం, జడ వేయడం, మందులు, ఉతుకు, ఆరవేత, మధ్యలో “నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?” అన్న ప్రశ్నకి జవాబు. ఇవన్నీ అయ్యాక అత్తగారు కునుకు తీసే రెండు గంటలు మిగులుతాయి. దాన్నే ఆ ఇంట్లో ఖాళీ అంటారు. ఆ రెండు గంటలూ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఎవరైనా చూసి “కోడలు కూర్చుందేమిటి, ఒంట్లో బాగాలేదా?” అని అడుగుతారు. యాభై ఆరేళ్ళొచ్చాయి, తల సగం నెరిసింది, అయినా ఆవిడ ఆ ఇంటికి కోడలే. అత్తగారు ఉన్నంతకాలం కోడలికి ప్రమోషన్ రాదు.

హెడ్మాస్టారు రిటైరై రెండేళ్ళయింది. ఊరి చరిత్ర రాస్తున్నారు. ఎప్పుడో మూతపడిన ఒక వారపత్రిక పాత సంచికలు టౌను గ్రంథాలయంలో వెనక గదిలో ఉన్నాయి. ఏడాదికొక సంపుటం చొప్పున బైండు చేసి, బీరువాల్లో పేర్చి పెట్టారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏం జరిగినా అందులో పడేది. ప్రతి ఊరికీ ఒక విలేకరి, వారానికొక ‘మా ఊరి ఉత్తరం’. పదకొండేళ్ళ పాటు ఈ ఊరి ఉత్తరం రాసింది హెడ్మాస్టారి తండ్రిగారే. తూకం గిడ్డంగిలో గుమాస్తా ఆయన. కానీ ఊళ్ళో గుమాస్తా గారూ అని ఎవరూ పిలవలేదు, అందరికీ విలేకరి గారే. పోయి ఇరవై ఏళ్ళయినా ఇప్పటికీ ఇది విలేకరి గారి ఇల్లే. పుస్తకంలో ఆయన మీద ఒక పూర్తి అధ్యాయం ఉంటుందని, దానికి ‘మా ఊరి కలం’ అని పేరు పెడతానని హెడ్మాస్టారు అందరికీ చెప్పేశారు. ప్రెస్సువాళ్ళు నాలుగు నెలలు గడువు పెట్టారు.

మొదటిరోజు హెడ్మాస్టారే వెళ్ళారు. మొదటి సంపుటం తెరవగానే పద్నాలుగు సార్లు తుమ్మారు. లెక్కపెట్టింది గ్రంథాలయం గుమాస్తా. రెండోరోజు ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి, గంటలో కళ్ళు ఎర్రబడి తిరిగొచ్చారు. మూడోరోజు నుంచి కోడలు బస్సెక్కింది. ఆయన చేసేది పరిశోధన, ఆవిడ చేసేది చూసిపెట్టడం. ఆవిడకిది కొత్తేం కాదు. పరీక్షల రోజుల్లో ఇరవై ఏళ్ళు పేపర్ల మార్కులు కూడిపెట్టింది. స్కూలు వార్షికోత్సవాలకి నివేదికలు రాసిపెట్టింది. రిటైర్మెంట్ రోజున ఆయన చదివిన ఉపన్యాసం కూడా ఆవిడ రాసిందే, హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అందులో చివర, “వేళకి వేడి టీ అందించి నన్ను నడిపించిన నా ఇల్లాలికి కృతజ్ఞతలు” అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కూడా ఆవిడే రాసింది. లేకపోతే బాగుండదు కదా అనిపించింది.

వెనక గదికి ఒక్కటే కిటికీ, ఒక పొడుగాటి బల్ల, దాని మీద పచ్చని దీపం. లోపలికి పెన్ను రానివ్వరు, పాత కాగితం మీద సిరా పడుతుందని భయం. గుమ్మం దగ్గరే పెన్ను తీసి పెట్టేసి, పెన్సిలు పట్టుకుని వెళ్ళాలి. రిజిస్టరులో పేరు రాయాలి. అనుమతి పత్రం హెడ్మాస్టారి పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ ఆయన పేరే రాసేది. గుమాస్తా రేపో మాపో రిటైరయ్యే మనిషి, మొహంలో నవ్వు కనిపించనివ్వకుండా వెటకారమాడటం ఆయనకి అలవాటు. ఆవిడ కనబడగానే “రండి హెడ్మాస్టారూ, మీ బల్ల తుడిచి ఉంచాను” అనేవాడు. మొదటిసారి ఆవిడకి కోపమొచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోవారానికి, మనసులో ఎక్కడో, అది నిజమే కదా అనిపించింది.

హెడ్మాస్టారు ఏమేం రాసుకురావాలో ఒక జాబితా ఇచ్చారు. సభలు, వంతెనలు, ప్రారంభోత్సవాలు, పెద్దల రాకపోకలు. మొదటి నోటుబుక్కు తీసుకెళ్ళి చూపిస్తే ఎర్ర పెన్నుతో సగం కొట్టేశారు. “బావి దగ్గర కబుర్లు చరిత్ర కాదే. ఇవెందుకు ఎక్కించావు?” అన్నారు, కోపంగా కాదు, నాలుగో తరగతి పిల్లకి చెప్పినట్టు. ఆవిడ సరే అంది. ఆ మర్నాడు ఇంకో నోటుబుక్కు కొంది. మొదటిదాంట్లో ఆయన చరిత్ర. రెండోదాంట్లో, ఎందుకో తనకే తెలియకుండా, తనకి వదలబుద్ధి కానివన్నీ రాసుకుంది.

వదలబుద్ధి కానివన్నీ మామగారి ఉత్తరాలే.

“ఈ వారం వాన నాలుగు వేళ్ళు. వడ్రంగి ఇంటి వెనక గోడ కూలింది. మనుషులకేం కాలేదు, గోడకి ఆనించిన మంచం మాత్రం రెండు ముక్కలైంది. ఆ మంచం మీద పడుకునే పెద్దాయన ఆ సాయంత్రమే కోడలితో పోట్లాడి, అలిగి కూతురింటికి వెళ్ళి ఉండబట్టి బతికిపోయాడు. అలకలన్నీ చెడ్డవి కావు.”

“కొత్త వంతెన తెరిచారు. ముగ్గురు ఉపన్యాసాలిచ్చారు. నాలుగో ఆయన గొంతు సవరించుకునేసరికి పిల్లలకి ఆకలేసింది, తల్లులు లేచారు, తండ్రులు వాళ్ళ వెనకే లేచారు. వంతెన బాగుంది. వాన లేదు.”

ఆవిడ ఆ గదిలో ఒక్కతే కూర్చుని పైకే నవ్వేసింది. గుమాస్తా తల తిప్పి చూస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాగాక ఆశ్చర్యం మొదలైంది. తను కాపురానికొచ్చాక పన్నెండేళ్ళు బతికారు మామగారు. ఆ పన్నెండేళ్ళలో తను విన్న మాటలు ‘మంచినీళ్ళు’, ‘చొక్కా’, ‘తలుపు’. మంచి మనిషే, పాపం, ఒక్కనాడూ గట్టిగా కసిరింది లేదు. కానీ ఆయన ఒక హాస్యమాడగా ఆవిడ చూడలేదు, ఎవరైనా ఆడితే అది హాస్యమని ఆయనకి తెలిసినట్టూ కనపడలేదు. ఇంత చమత్కారం ఆ మనిషి ఏ జేబులో దాచుకున్నారో అనుకుంది. వయసులో ఉన్నప్పుడు అలా ఉండేవారేమో, సంసారం మీద పడి చచ్చిపోయిందేమో, తనకీ పెళ్ళికి ముందు పాట వచ్చేది కదా అని సర్దిచెప్పుకుంది.

బావి ఉత్తరం దగ్గర ఆ సర్దుబాటు కుదరలేదు. “బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. మొన్నటిదాకా బిందెకి మూడు చేదలు సరిపోయేవి, ఇప్పుడు అయిదు తోడాలి. నాలుగో చేదకి నడుం తెలుస్తుంది, అయిదో చేదకి వయసు తెలుస్తుంది.” ఆవిడ పెన్సిలు ఆగింది. మామగారు జన్మలో ఒక్క చేద నీళ్ళు తోడిన పాపాన పోలేదు. చెంబు పక్కనే ఉన్నా ‘మంచినీళ్ళు’ అనే మనిషికి నాలుగో చేదకీ అయిదో చేదకీ తేడా ఎవరు చెప్పారు?

అప్పుడు మళ్ళీ మొదటి ఉత్తరం చూసింది. వాన నాలుగు వేళ్ళు. ఆ కిందటి వారం వాన ఒక వేలు. ఆ పై వారం వాన రెండు వేళ్ళు, మూడోదానికి తడి తగిలింది. మిగతా ఊళ్ళ విలేకరులంతా భారీ వర్షమనో, చెదురుమదురు జల్లులనో రాస్తే, ఈ ఒక్క ఊరి వానకే వేళ్ళ లెక్క. ఆ లెక్క తనింట్లో ఇప్పటికీ జరుగుతోంది.

అత్తగారి దగ్గర ఒక ఇత్తడి గిన్నె ఉంది. వెడల్పుగా, నిలువు గోడలతో ఉంటుంది, అంచు ఒకచోట నొక్కుకుపోయింది. మబ్బు పట్టగానే దాన్ని పెరట్లో, చూరు నీళ్ళు పడనిచోట పెడుతుంది. వాన వెలిశాక అరచెయ్యి నిలువుగా, చిటికెన వేలు కిందికి పెట్టి గిన్నెలో ఆనిస్తుంది. ఎన్ని వేళ్ళు మునిగాయో చూసుకుని, నీళ్ళు మొక్క మొదట్లో పోసేస్తుంది. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, రెండు కళ్ళకీ చూపు సన్నగిల్లి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు, అయినా గోడ పట్టుకుని వెళ్ళి గిన్నె పెట్టొస్తుంది. కొత్తలో ఒకసారి కోడలు ఆ గిన్నెలో పిండి కలపబోతే, “అది వంటకి కాదు” అని చేతిలోంచి లాక్కుంది. ఎందుకని అడిగితే జవాబు లేదు. “అమ్మకి అదో చాదస్తం, పోనీలే” అన్నారు హెడ్మాస్టారు. అంతటితో ఆ సంగతి ఆ ఇంట్లో ముగిసిపోయింది.

ఆ సాయంత్రం బస్సులో కోడలికి కూర్చోవడానికి చోటు దొరికినా నిలబడే వచ్చింది. ఎందుకు నిలబడిందో తనకే తెలియలేదు.

తర్వాతి వారం పదకొండో ఏటి సంపుటం తీసింది. ఆ ఏటితో ఉత్తరాలు ఆగిపోతాయి. పత్రికకి సంపాదకుడు మారాడనీ, కొత్తాయన ధోరణి నచ్చక నాన్న కలం కింద పెట్టేశారనీ హెడ్మాస్టారు అధ్యాయంలో ముందే రాసేసుకున్నారు. చివరి ఉత్తరం కోసం వెనక్కి తిప్పుతూ వస్తుంటే మూడు వింత ఉత్తరాలు తగిలాయి. “గత వారమున మా గ్రామమున వర్షము విస్తారముగా కురిసి ప్రజానీకమునకు మిక్కిలి ఆనందము గూర్చినది. తూకపు గిడ్డంగి యందు సభ జరిగినది. పెక్కుమంది ప్రముఖులు విచ్చేసి అమూల్యముగా ప్రసంగించిరి.” కింద మామగారి పేరే. వేళ్ళు లేవు. చేదలు లేవు. ఆ ప్రముఖుల పిల్లలకి ఆకలి కూడా వేయలేదు.

వాటికి ముందు సంచికలో, నాలుగో పేజీలో, ‘సంపాదకుని పెట్టె’ అనే చిన్న గడిలో ఇది ఉంది.

“మా ఊరి ఉత్తరం రాస్తున్నది తన భర్త కాదనీ, మొదటి నుంచీ తానేననీ, ఇకపై తన పేరు వేయవలసిందనీ ఒక విలేకరి గారి ఇల్లాలు మాకు రాశారు. ఇంతటి చమత్కారి భార్యగా దొరికినందుకు మా మిత్రునికి అభినందనలు. ఉత్తరాలు ఆవిడ రాస్తుంటే ఇంట్లో వంట ఎవరు చేస్తున్నట్టా అని మా ఆఫీసులో అందరమూ తెగ నవ్వుకున్నాము.”

ఆ గడి చుట్టూ పూలతీగ అచ్చు వేసి ఉంది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేకపోయింది. దీపం వెలుగులో కాగితం అలికినట్టయింది. పాత కాగితం మీద సిరా పడకూడదన్నారు గానీ కన్నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, అయినా సంపుటాన్ని జాగ్రత్తగా అవతలికి జరిపింది.

“ఏమైందమ్మా?” అన్నాడు గుమాస్తా. హెడ్మాస్టారూ అనడం మర్చిపోయాడు. ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టి చూపించింది. ఆయన వంగి చదివాడు.

“నవ్వొచ్చిందా?” అంది ఆవిడ.

“రాలేదమ్మా” అన్నాడు. వెళ్ళి ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి బల్లకి దూరంగా కిటికీలో పెట్టాడు.

ఆవిడ ఆ గడిని నోటుబుక్కులోకి ఎక్కించింది. ఎక్కిస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇది ఎక్కించకపోతే? హెడ్మాస్టారు ఈ గదికి రారు. ఆయనకి తెలిసేదంతా తన పెన్సిలు దాటి వెళ్ళినదే. ఇది వదిలేస్తే ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు, ‘మా ఊరి కలం’ దర్జాగా అచ్చవుతుంది, ఊరంతా చప్పట్లు కొడుతుంది. మూడు నెలలుగా ఏది ఉండాలో ఏది పోవాలో తేలుస్తున్నది తనే. ఊరి చరిత్ర రాస్తున్నది తనేనన్నమాట. పుస్తకం ముందు పేజీలో ‘సహకరించిన నా ఇల్లాలికి’ అని ఒక వాక్యం ఉంటుంది. బహుశా అదీ తననే రాసిపెట్టమంటారు. పూలతీగ గడిలో ఉన్నది అత్తగారొక్కతే కాదని అప్పుడు తెలిసింది ఆవిడకి.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారికి గోళ్ళు తీస్తూ కూర్చుంది. హెడ్మాస్టారు ప్రెస్సు పని మీద టౌనుకి వెళ్ళారు. గోళ్ళు తీయడం అయ్యాక ఆ చేతిని వెంటనే వదలబుద్ధి కాలేదు. సన్నటి వేళ్ళు, కణుపుల దగ్గర లావెక్కాయి. పదకొండేళ్ళ వాన వీటితో కొలిచిందే.

“అత్తయ్యా, ఒకటి చదువుతాను, వింటారా?”

“ఏం చదువుతావు? మావాడి చరిత్రా? నిద్రొస్తుంది నాకు.”

“కాదు. వినండి.” రెండో నోటుబుక్కు తెరిచి వడ్రంగి గోడ ఉత్తరం చదివింది. మంచం రెండు ముక్కలయ్యేసరికి అత్తగారి మొహం కదలడం మానేసింది. పెద్దాయన కూతురింటికి వెళ్ళాక కోడలు ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగింది.

“అలకలన్నీ చెడ్డవి కావు” అంది అత్తగారు.

కోడలు నోటుబుక్కు మూసింది. “మొత్తం మీరేనా?”

“ఆయనకి ఆ విలేకరి పని ఎవరో మొహమాటంతో ఇప్పించారే. మొదటి ఉత్తరానికి పదకొండు కాగితాలు చింపారు. చూడలేక నేను చెబుతా రాసుకోండన్నాను. రెండో వారం నుంచి ఆయన రాసుకోవడం కూడా ఎందుకని నేనే రాశాను. ఆయన చదివి, సంతకం పెట్టి, కవరు అంటించి, గురువారం బస్సుకి ఇచ్చొచ్చేవారు. ఎండైనా వానైనా ఒక్క వారం తప్పలేదు. దార్లో నలుగురూ విలేకరి గారూ అంటే మొహం వెలిగిపోయేది. నాకూ ముచ్చటగానే ఉండేది మొదట్లో.”

“మరి పేరు వేయమని ఎందుకు రాశారు?”

అత్తగారు కొత్తగా తీసిన గోళ్ళని బొటనవేలితో తడుముకుంది. “చూసుకోవాలనిపించింది. అచ్చులో నా పేరు ఎలా ఉంటుందో ఒక్కసారి. మర్నాడు ఎవరైనా దాంట్లో పొట్లం కట్టుకున్నా సరేననుకున్నాను. అంత పెద్ద కోరికా అది?”

“కాదత్తయ్యా.”

“ఆయన పేపరు మడిచి, ‘నన్ను నవ్వులపాలు చేశావు’ అన్నారు. తిట్టలేదు. రెండు వారాలు మాట్లాడలేదంతే. మూడు ఉత్తరాలు ఆయనే రాసుకున్నారు, చదివావా?”

“చదివాను. ప్రజానీకమునకు మిక్కిలి ఆనందము.”

అత్తగారికి నవ్వొచ్చింది. పళ్ళు లేని నోటితో, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. కోడలు కూడా నవ్వింది. ముప్ఫై రెండేళ్ళలో ఇద్దరూ ఒకే సంగతికి, ఒకేసారి అలా నవ్వింది లేదు. నవ్వీ నవ్వీ అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“నాలుగో వారం కాగితం తెచ్చి నా ముందు పెట్టారే. బతిమాలినట్టే. నేను కూరగాయలు తరుగుతున్నాను. చేతులు ఖాళీ లేవన్నాను.”

“తర్వాత?”

“తర్వాతేముంది. మరి ఎప్పుడూ ఖాళీ అవలేదు.”

గిన్నె ఇంకా ఎందుకు పెడుతున్నారని అడిగితే, “ఎంత పడిందో తెలియకపోతే నాకు తోచదు” అంది. ఆ తర్వాత కోడలి ముంజేతిని గట్టిగా పట్టుకుంది. “వాడికి చెప్పకు. తండ్రంటే వాడికి ప్రాణం. గురువారం గురువారం ఆయన వేలు పట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళేవాడు. మన ఇద్దరి మధ్యా ఉండిపోనీ.”

“నేను చెప్పను” అంది కోడలు. మాట ఇచ్చింది కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. చెబితే అత్తగారికిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే అత్తగారే పోతుంది, అచ్చులో ఒక్కసారైనా లేకుండా. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఇంకెన్ని వానలు కొలుస్తుంది? వంట చేస్తూ, ఉతుకుతూ, ఆరేస్తూ మూడు రోజులు అదే ఆలోచించింది. నాలుగో రోజుకి ఒక దారి తోచింది. హెడ్మాస్టారి దగ్గర ఒక విద్య ఉంది, ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో కాపీ కొట్టిన పిల్లాడు ఆయన చేతికి చిక్కకుండా పోలేదు. “రాత మార్చొచ్చు, మాట తీరు మార్చలేరు. రెండు వాక్యాలు వింటే చాలు, ఎవడిదో చెప్పేస్తా” అని చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పుకునేవారు. అది నిజం కూడాను.

ఆదివారం పొద్దున్న మబ్బు పట్టింది. హెడ్మాస్టారు వరండాలో బల్ల వేసుకుని, ‘మా ఊరి కలం’ ముందు పెట్టుకుని, ఎర్ర పెన్ను మూత తీశారు. కోడలు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు.

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. ఆ అధ్యాయంలో మామయ్య ఉత్తరం ఒక్కటీ లేదు. కొన్ని చదువుతాను, వినండి.”

“పెట్టాలనే అనుకున్నా, తీరిక దొరకలేదు. చదువు, చదువు.”

ఆవిడ చదివింది. గోడ, వంతెన, బావి. బస్సు ఆలస్యమై డాక్టరు రాకపోయినా ఆగకుండా పుట్టేసిన బిడ్డ. వాన నాలుగు వేళ్ళు, వాన లేదు, వాన ఒక వేలు. హెడ్మాస్టారి టీ చల్లారిపోయింది. అయిదో చేదకి వయసు తెలుస్తుందన్న చోట ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. “నాన్న ఇంత బాగా రాసేవారా? నాకు తెలియనే తెలియదే” అన్నారు. ఆవిడ తేదీలు చెప్పకుండా, ఆగకుండా, ఆ మూడు ఉత్తరాలూ చదివింది. ప్రజానీకమునకు మిక్కిలి ఆనందము అనేసరికి ఆయన చెయ్యి ఎత్తారు.

“ఆపు. ఇది నాన్నది కాదు.”

“సంతకం మామయ్యదే.”

“సంతకం ఎవడైనా పెడతాడు. మాట తీరు వేరు. ఎవడో నాన్న పేరు పెట్టుకుని రాశాడు. ముందువి రాసిన మనిషి చచ్చినా ఇలా రాయడు, ఇది రాసినవాడు చచ్చినా అవి రాయలేడు. ఇద్దరు మనుషులు వీళ్ళు. నేను రాసిస్తా కావాలంటే.”

“నాకూ అలాగే అనిపించింది” అంది ఆవిడ. పూలతీగ గడి ఎక్కించిన పేజీ తెరిచి, నోటుబుక్కు ఆయన వైపు తిప్పి పెట్టింది.

ఆయన చదువుతుండగానే చినుకులు మొదలయ్యాయి. లోపలి గదిలోంచి గోడ పట్టుకుంటూ అత్తగారు వచ్చింది, చంకలో ఇత్తడి గిన్నె. పెరటి మెట్టు కాలితో తడిమి చూసుకుని దిగింది, చూరుకి నాలుగడుగుల అవతల గిన్నె పెట్టింది, అటూ ఇటూ కదిపి కుదురుగా ఉందో లేదో చూసుకుంది, మళ్ళీ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. హెడ్మాస్టారు పేజీ మీంచి తలెత్తి అదంతా చూశారు. ఆ దృశ్యం ఆయన అరవయ్యేళ్ళుగా చూస్తున్నదే. మళ్ళీ నోటుబుక్కు వెనక్కి తిప్పి, ‘వాన నాలుగు వేళ్ళు’ అన్నచోట వేలు పెట్టారు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది. వాన పెద్దదైంది, ఒక అరగంట దంచి కురిసి, మళ్ళీ తగ్గింది.

“అమ్మ ఎప్పుడూ చెప్పలేదే” అన్నారు చివరికి.

“చెప్పారు. పేపరుకే రాసి చెప్పారు. అచ్చేసి నవ్వారు.”

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. దాని మీద తుడవడానికేం లేదు. “మరి నాన్న? ఊరంతా విలేకరి గారు విలేకరి గారని...”

“పదకొండేళ్ళు ఒక్క గురువారం కూడా బస్సు తప్పించలేదు మామయ్య. వానలో కవరు తడవకుండా చొక్కాలో పెట్టుకుని వెళ్ళేవారట. అది కూడా ఉంటుంది. అదీ నిజమే కదా.”

ఆయన తల ఊపారు. ‘మా ఊరి కలం’ కాగితాలు దగ్గరికి తీసుకుని, సర్ది, పక్కకి పెట్టేశారు. కాసేపటికి గొంతు సవరించుకున్నారు. “సరే. ఈ అధ్యాయం నువ్వే రాయి. ఇదంతా చదివింది నువ్వేగా. రాసి ఇటివ్వు, నేను ఓసారి చూసి దిద్ది ప్రెస్సుకి...”

“మీరు దిద్దకండి” అంది ఆవిడ.

గొంతు పెంచలేదు. మొహంలో కోపం లేదు. ఆయన ఆవిడ మొహంలోకి, కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఎర్ర పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. మూత ఎక్కడ పెట్టారో కనబడక బల్లంతా వెతికారు. ‘మూత ఎక్కడ పెట్టావు?’ అని అడగబోయి ఊరుకుని, ఆయనే వంగి కుర్చీ కింద చూసుకున్నారు. తర్వాత చల్లారిన టీ గ్లాసు తీసుకుని, వేడి చేసుకోవడానికి వంటింట్లోకి వెళ్ళారు.

వాన వెలిసింది. కోడలు తెల్ల కాగితం ఒకటి తీసుకుని నాలుగు వాక్యాలు రాసింది, చదువుకుని ఒకటి కొట్టేసింది, మళ్ళీ రాసింది. కాగితం పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి అత్తగారు గిన్నె ముందు కూర్చుని ఉంది, అరచెయ్యి నీళ్ళలో.

“మూడు” అంది అత్తగారు అడక్కుండానే. “నాలుగోదానికి తడి తగిలింది.” మొహం కోడలి వైపు తిప్పింది. “మాట తప్పావు కదూ. వరండాలో మాటలు నాకు వినపడవనుకున్నావా.”

“నేను చెప్పలేదత్తయ్యా. చదివానంతే. ఆయనే పట్టుకున్నారు.”

“పట్టుకుంటాడు. మాస్టారు కదా” అంది. ఆ గొంతులో కోపం కోసం కోడలు వెతికింది, దొరకలేదు. “చేతిలో ఆ కాగితం చప్పుడేమిటి?”

“మొదటి పేరా. వినండి.” కోడలు మెట్టు మీద పక్కన కూర్చుని చదివింది. “మా ఊళ్ళో పదకొండేళ్ళ పాటు పడిన ప్రతి వాననీ చేతి వేళ్ళతో కొలిచి, ఊరి సంగతులన్నిటితో పాటు పత్రికకి రాసిన మనిషి...” అని చదివి, ఆ తర్వాత అత్తగారి పేరు చదివింది, ఇంటిపేరుతో సహా. కాపురానికొచ్చాక ఆ ఇంట్లో ఎవరూ పిలవని పేరు. అమ్మా అన్నారు, అత్తయ్యా అన్నారు, ఏమే అన్నారు, విలేకరి గారి భార్య అన్నారు.

అత్తగారి చెయ్యి నీళ్ళలోనే ఉంది. తల పక్కకి వంచి, ఆ పేరు ఎవరిదో గుర్తు చేసుకుంటున్నట్టు కూర్చుంది.

“ఇంకోసారి చదువు” అంది.

కోడలు చదివింది. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివింది. మూడోసారికి అత్తగారు చెయ్యి బయటికి తీసి కొంగుకి తుడుచుకుంది, కాగితం కోసం తడిమి, దాని అడుగున, ఖాళీగా ఉన్నచోట వేలు ఆనించింది.

“కింద రాసినవాళ్ళ పేరుండాలి. నీ పేరు పెట్టావా?”

“ఇంకా లేదు. అధ్యాయం అంతా అయ్యాక పెడదామని...”

“నేనూ పదకొండేళ్ళు అలాగే అనుకున్నానే. ముందు అది పెట్టు” అంది అత్తగారు. “పెన్సిలుతో కాదు.”